బహిరంగ లేఖ: పాత సైటు తీసేసే ముందు కాపీ తీసిపెట్టండి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల కలెక్టర్లకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసుకునే ఐటీ అధికారులకు, రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖల వారికి, ఈ సైట్లను కాంట్రాక్టు మీద తయారుచేసే కంపెనీల వారికి నమస్కారం.

నేను ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో నెట్ సెంటర్ నడుపుతాను. దరఖాస్తులు నింపడం, జాబితాల్లో పేర్లు వెతకడం, భూమి కాగితాల కాపీలు తీయడం, జిరాక్సులు, అదే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదివారు, ఆఫీసులో ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెడతారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఇంకో రాష్ట్రం, ఆంధ్ర. కొందరికి ఇల్లు ఈ గట్టున, పొలం ఆ గట్టున.

ప్రభుత్వ సైట్లలోని పాత కాగితాలు మాయమవుతున్నాయని సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. ‘సంబంధిత శాఖకు పంపాం’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ శాఖకు వెళ్తే ‘ఇది టెక్నికల్ విషయం, సైటు చేసిన కంపెనీని అడగండి’ అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయిందన్నారు. ఎవరి తప్పూ లేదు, కానీ కాగితం మాత్రం లేదు. అందుకే అందరికీ కలిపి ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

మా గోడు ఇదీ. ప్రభుత్వ సైటు మారినప్పుడల్లా పాత సైటులో ఉన్న జాబితాలు, ఉత్తర్వులు, నోటిఫికేషన్లు మాయమైపోతున్నాయి. కొత్త సైటు రంగురంగులుగా వస్తుంది, మంత్రుల ఫొటోలు మారతాయి, ‘మా గురించి’ అనే పేజీ వస్తుంది. పాత పేజీ నొక్కితే 404, అంటే ‘పేజీ లేదు’ అని. ఇన్నాళ్ళూ మాకు మీరు చెప్పిన మాటేమిటి? ‘నోటీసు బోర్డు మీద అంటించం, అంతా ఆన్‌లైన్‌లో ఉంది, అక్కడ చూసుకోండి’ అన్నారు. చూసుకున్నాం. ఇప్పుడు అది ఆన్‌లైన్‌లోనూ లేదు, ఆఫీసులోనూ లేదు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. తుపాను సాయం జాబితాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు, ఊళ్ళకు ఊళ్ళు పడిపోయాయి. ఆ వానలో ఇళ్ళలో ఉన్న కాగితాలు తడిసి ముద్దయ్యాయి, కొట్టుకుపోయాయి. కాబట్టి ఎవరి ఇల్లు పూర్తిగా కూలింది, ఎవరిది సగం కూలింది అన్నదానికి ఆ తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టిన జాబితాలే చాలామందికి ఆధారం. ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చేది. ఆమె పేరు ‘పూర్తి నష్టం’ జాబితాలో ఉందని నేనే చూసి చెప్పాను. డబ్బు మాత్రం ‘పాక్షిక నష్టం’ కింద పడింది. తేడా అడగడానికి వెళ్తే ‘జాబితా తీసుకురా’ అన్నారు. ఈలోగా ఆ సైటు మారిపోయింది. ‘మీ సైటులోనే ఉండేదయ్యా’ అంటే ‘ఇప్పుడు లేదుగా’ అన్నారు. జాబితా తయారుచేసింది వాళ్ళు, పెట్టింది వాళ్ళు, తీసేసింది వాళ్ళు. చూపించాల్సింది మాత్రం ఆ ముసలావిడ.

ఈ తీరం సంగతి మీకు తెలియనిది కాదు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2014లో హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. మళ్ళీ వస్తుంది. అప్పుడూ ఒక జాబితా వేస్తారు, ఒక సైటులో పెడతారు.

2. పథకం పేరు మారితే పాత పథకం చరిత్ర పోతోంది. ఒడిశాలో రైతుల కోసం కాలియా పథకం 2018 డిసెంబరులో ప్రకటించారు. 2024 సెప్టెంబరులో దాని స్థానంలో సీఎం కిసాన్ వచ్చింది. బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన పేరు గోపబంధు జన ఆరోగ్య యోజన అయింది. ప్రభుత్వాలు మారినప్పుడు పేర్లు మారడం మామూలే, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ పాత పథకంలో ఏ విడత ఎవరికి పడింది, ఎవరిని ఏ కారణంతో తీసేశారు అన్న వివరాలు పాత పేజీలతోపాటు పోకూడదు. కొత్త పథకంలో ‘మీరు పాతదాంట్లో అనర్హులు’ అని తిరగ్గొడితే, ఎందుకు అనర్హుణ్ణయ్యానో తెలుసుకునే హక్కు ఆ రైతుకు ఉందా లేదా? నిజం చెప్పాలంటే, పాత ముఖ్యమంత్రి ఫొటో ఒక్కటి తీయడానికి పేజీ మొత్తం పీకేసిన సందర్భాలు చూశాను. ఇది ఏ ఒక్క పార్టీ అలవాటో కాదు.

3. ఉత్తర్వుల విషయంలో ఆ గట్టూ ఇంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను అందరికీ కనిపించే సైటులో పెట్టడం ఆపేసింది. 2024 ఆగస్టు చివర్లో మళ్ళీ మొదలుపెట్టింది. మూడేళ్ళు! పాతపట్నం, మెళియాపుట్టి వైపు పొలాలున్న మా వాళ్ళకు ఆ మూడేళ్ళలో వచ్చిన ఉత్తర్వు ఏదన్నా కావాలంటే, తెలిసిన వాళ్ళ వాట్సాప్‌లో ఫొటో దొరకాలి. ఆ ఫొటో అసలుదో కాదో ఎవరు చెప్తారు? ఇక జిల్లాలు విడిపోవడం ఒకటి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్న కొన్ని మండలాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. పాత జిల్లా సైటులో ఉన్న ఆ మండలాల కాగితాలు ఏ సైటుకు చెందాలి? ‘అది ఇప్పుడు మా జిల్లా కాదు’ అన్న జవాబు ఒక జిల్లాలో వస్తుంది, ‘అది అప్పటికి మా జిల్లా లేదు’ అన్న జవాబు ఇంకో జిల్లాలో వస్తుంది. రెండూ నిజమే.

4. తెలుగు మీడియం పిల్లలు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు బళ్ళు ఏటికేడు తగ్గుతున్నాయి. పుస్తకాలు సరిగా అందని ఏడాది టీచర్లు పీడీఎఫ్‌ల మీదే ఆధారపడ్డారు. సైటు కొత్తగా చేసినప్పుడు ఒడియా పుస్తకాలు వచ్చాయి, ఇంగ్లీషువి వచ్చాయి, తెలుగువి రాలేదు. ‘అప్‌లోడ్ చేస్తాం’ అన్నారు. పాత సైటు అలాగే ఉంచి ఉంటే ఈ టెన్షన్ ఉండేదే కాదు.

5. ఉద్యోగ నోటిఫికేషన్లు, ఫలితాల జాబితాలు. దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. కోర్టుకు వెళ్ళాలనుకున్న కుర్రాళ్ళు మొదట వెతికేది నోటిఫికేషన్ పీడీఎఫ్. అది లేకపోతే కేసే లేదు. ఫోనులో స్క్రీన్‌షాట్ ఉంటుంది కానీ దాన్ని ఎవరూ నమ్మరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీకి సర్టిఫికెట్ జతచేయాలి. మీ సైటులో ఉన్నప్పుడు అది రికార్డు. మీరు తీసేశాక మా ఫోనులో మిగిలింది వట్టి బొమ్మ.

ఇవి మా ఊరి బాధలే అనుకోకండి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత దొరకడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. వెబ్ పేజీ స్వభావమే అంత. ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, ఎవరో ఒకరు సర్వర్ నడపాలి, అడ్రసు మారితే పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి వేయాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పేజీ ఉండదు. ప్రైవేటు వాళ్ళయితే ఇష్టం, ఉంచుకుంటారు, తీసేస్తారు. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్‌ను 2014లో మూసేశారు, మన వాళ్ళ ఫొటోలు, కబుర్లు ఎన్నో పోయాయి, ఎవర్నీ అడగలేకపోయాం. ప్రభుత్వం అలా చేయడానికి లేదు.

లేదని నేను అనడం కాదు, చట్టమే అంటోంది. కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లో వచ్చింది. ఇంటర్నెట్ మన దేశంలో మామూలు జనానికి అందక ముందే వచ్చిన ఆ చట్టం, కంప్యూటరుతో తయారైనది కూడా పబ్లిక్ రికార్డే అని రాసుకుంది. పద్ధతి ప్రకారం తప్ప రికార్డును నాశనం చేయకూడదు. చేస్తే ఐదేళ్ళ వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఇది కేంద్రం రికార్డులకే, రాష్ట్రాల రికార్డులకు కాదు. మహారాష్ట్ర తన సొంతానికి 2005 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం పెట్టుకుంది, కాబట్టి సిరొంచ, కిన్వట్ వైపు తెలుగువాళ్ళకు చూపించడానికి ఒక కాగితమైనా ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మొదటి మాటే, ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులను జాబితా వేసి, సూచిక కట్టి భద్రపరచాలి అని. 2009 నుంచి భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఉన్న మార్గదర్శకాల్లో పాత సమాచారాన్ని ఎలా ఆర్కైవ్ చేస్తారో చెప్పే పాలసీ ఉండాలని ఉంది. చాలా సైట్లలో అడుగున చిన్న అక్షరాల్లో ఆ పాలసీ పేజీ కనిపిస్తుంది కూడా. ఆ పాలసీ పేజీ ఉంది, ఆర్కైవ్ లేదు.

మీరు చెప్పబోయే జవాబులు కొన్ని నాకు ముందే తెలుసు. వాటికీ సమాధానం రాస్తాను.

‘ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది కదా, అక్కడ వెతుక్కోండి’ అంటారు. ఉంది, దానికి దండం పెట్టాలి. 1996లో మొదలైంది, పాత వెబ్ పేజీల కాపీలు చూపించే వేబ్యాక్ మెషీన్‌ను 2001లో జనానికి తెరిచింది, 2025 అక్టోబరుకు లక్ష కోట్ల పేజీలు దాచింది. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక వేల తెలుగు పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే వాటి కాపీలు అక్కడ ఉండబట్టే. కానీ అది పేజీని పైనుంచి చూసి దాస్తుంది. జిల్లా, బ్లాకు, పంచాయతీ ఎంచుకుని, క్యాప్చా (తెర మీద వంకరగా కనిపించే అక్షరాలు) కొడితే వచ్చే జాబితాలను దాచలేదు. మా జనానికి కావాల్సిన జాబితాలన్నీ అలాంటివే. పైగా అది శాన్‌ఫ్రాన్సిస్కోలో చందాల మీద నడిచే సంస్థ. 2017 ఆగస్టులో సినిమా పైరసీ కేసులో కోర్టు ఉత్తర్వు వస్తే మన దేశంలో ఆ సైటే కొన్నాళ్ళు తెరుచుకోలేదు. 2024 అక్టోబరులో హ్యాకర్లు దాడిచేస్తే ప్రపంచం మొత్తానికి ఆగింది. గజపతి జిల్లా రైతు రికార్డును దాచే బాధ్యత అమెరికా స్వచ్ఛంద సంస్థది ఎలా అవుతుంది?

‘పాత జాబితాలు ఉంచితే జనం సొంత వివరాలు బయటపడతాయి’ అని ఇంకో మాట. ఇది న్యాయమైన మాటే. 2017లో నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ నుంచి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని ఒక పరిశోధన సంస్థ బయటపెట్టింది. అందులో రెండు పోర్టళ్ళు ఆంధ్రవే. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఎప్పుడూ బయట పెట్టకూడదు. కానీ దాచడం వేరు, అందరికీ చూపించడం వేరు. రికార్డు రూములో పాత పట్టా రిజిస్టరు ఉంటుంది, దాన్ని బజారులో పరచం కదా. అడిగిన మనిషికి, తన పేరున్న పేజీ ఇస్తాం. ఇదీ అంతే. గోప్యత పేరు చెప్పి అసలు రికార్డునే చెరిపేస్తే లాభం ఎవరికో ఆలోచించండి. జాబితాలో దొంగ పేర్లు ఎక్కించినవాడికి.

‘ఖర్చు’ అనకండి. ఒక జిల్లా సైటు మొత్తం, పీడీఎఫ్‌లతో సహా, ఒక చిన్న హార్డ్ డిస్కులో పట్టేస్తుంది. సైటు కొత్తగా చేయించడానికి పెట్టే డబ్బు ముందు అదొక లెక్కా? పద్ధతి కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వెబ్ పేజీలను దాచడానికి వార్క్ అనే ఫైలు పద్ధతి ఉంది, 2009లోనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. స్వీడన్, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయాలు 1996లోనే తమ దేశాల సైట్లను దాచడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో 2013 నుంచి చట్టప్రకారమే చేస్తున్నారు. మనకు 1954 నాటి చట్టం ఒకటుంది, అచ్చయిన ప్రతి పుస్తకం కాపీని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాలని. వెబ్ పేజీకి అలాంటి ఏర్పాటు లేదు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పనివ్వండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గంజాం జిల్లా పాత రికార్డులు కావాలంటే పరిశోధకులు ఇవాళ్టికీ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్తారు. దొరుకుతాయి. ఒకప్పుడు ఇక్కడే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపిల్లలకు పాఠాలు చెప్తూ సవర భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. అవీ దొరుకుతాయి. వందేళ్ళ కిందటి తెల్లదొరల ఫైలు దొరికే దేశంలో, ఐదారేళ్ళ కిందట మన సొంత ప్రభుత్వం పెట్టిన సర్క్యులర్ దొరకకపోవడం సిగ్గుచేటు.

తెలుగు పేజీల విషయంలో ఇంకో చిక్కుంది, ఐటీ వాళ్ళు తప్పకుండా వినాలి. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) వాడకం పెరగక ముందు తెలుగు సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఈనాడుది ఒకటి, ఆంధ్రజ్యోతిది ఇంకొకటి. ఆ రోజుల పేజీని ఇప్పుడు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి, ఒక్క ముక్క అర్థం కాదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఉండేది, ఎంతమందికి గుర్తుందో. ఆఫీసు ఉత్తర్వుల్లో అను ఫాంట్లతో టైపు చేసి వదిలేసినవి ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి పేజీ దాస్తే చాలదు, ఫాంటు ఫైలు కూడా దాచాలి, వీలైతే యూనికోడ్ కాపీ పక్కన పెట్టాలి. లేకపోతే దాచినా చదవలేం, వెతకలేం. ఒడియా పాత పేజీలకూ ఇదే గతి.

మేం అడిగేవి ఇవి.

1. ఏ ప్రభుత్వ సైటునైనా మార్చే ముందు, మూసే ముందు, దాని పూర్తి కాపీని, డేటాబేసుతో సహా, రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. అప్పగించినట్టు రశీదు లేనిదే పాత సర్వర్ ఆపకూడదు.

2. సైటు కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే ఈ షరతు టెండరులో రాయాలి. ఆఖరి బిల్లు ఆ కాపీ చేతికి వచ్చాకే పాస్ చేయాలి. నాకు తెలిసి అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే.

3. పాత అడ్రసు నొక్కితే కొత్త పేజీకి, లేదా దాచిన కాపీకి వెళ్ళాలి. ఉత్తరాల మీద, కోర్టు కాగితాల మీద, తెలుగు వికీపీడియా వ్యాసాల కింద ఉన్నవి పాత అడ్రసులే.

4. జిల్లా రికార్డు రూములో కాగితం రిజిస్టరుకు సర్టిఫైడ్ కాపీ ఇచ్చినట్టే, పాత వెబ్ పేజీకీ మామూలు ఫీజు తీసుకుని సర్టిఫైడ్ కాపీ ఇవ్వాలి. అందుకు ఒక అధికారి పేరు బోర్డు మీద రాయాలి. తుపాను, పునరావాసం, భూసేకరణ జాబితాలతో మొదలుపెట్టండి, మిగతావి తర్వాత చూద్దాం.

5. వంశధార నది నీళ్ళు, రెండు రాష్ట్రాలూ మావేననే కొటియా ఊళ్ళు లాంటి సరిహద్దు విషయాలు రెండు రాష్ట్రాలవీ. వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన నివేదికలో నేరడి బ్యారేజీ కోసం ఒడిశా వైపు 106 ఎకరాలు తీసుకునే ఏర్పాటు ఉంది. ఆ ఎకరాల్లో మనుషులున్నారు. ఇలాంటి నివేదికలు, మ్యాపులు, నోటీసులు రెండు రాష్ట్రాల సైట్లలోనూ ఉండాలి. ఒకరు తీసేస్తే ఇంకొకరి దగ్గర మిగలాలి. తెలుగులో, ఒడియాలో సారాంశం పెట్టాలి.

6. రాజ్యాంగం 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం 1957 నుంచి ఉంది. ఏ రాష్ట్రంలో ఏ భాషలో ఎన్ని బళ్ళున్నాయో చెప్పే దాని నివేదికలు మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట, వెతకడానికి వీలుగా ఉంచాలని కేంద్రాన్ని కోరాలి. ఒడిశాలో తెలుగు బడి మూసేస్తున్నప్పుడు మేం చూపించగలిగిన లెక్క అదొక్కటే.

మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక విన్నపం. బరంపురం, జయపురం, రాయగడ సంఘాలు పెట్టుకున్న సైట్లు డొమైన్ (సైటు పేరు) డబ్బు కట్టనందువల్ల మూతపడుతున్నాయి. కట్టే కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోతాడు, పాస్‌వర్డు అతనితోనే పోతుంది. ప్రభుత్వాన్ని అడిగే ముందు సంఘం పేరు మీద డొమైన్ రాయించండి, పాస్‌వర్డు మినిట్స్ బుక్కుతోపాటు కార్యదర్శి దగ్గర ఉండాలి. సభల ఫొటోలు ఫేస్‌బుక్‌లో మాత్రమే పెట్టి ఊరుకోకండి.

అధికారులకు చివరిగా ఒకటి. పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం నెట్ సెంటర్లు నడిపే మాలో కొందరం, కస్టమర్ల కోసం అప్పట్లో దించుకున్న పీడీఎఫ్‌లను, జాబితాలను పారేయలేదు. తిత్లీ జాబితాల్లో కొన్ని పంచాయతీలవి, కాలియా విడతల్లో కొన్ని ఉన్నాయి. అవి మీవే. ఏ తారీఖున, ఏ ఆఫీసులో, ఎవరికి అప్పగించాలో రాతపూర్వకంగా చెప్పండి. ఫైలు పేర్లతో జాబితా మేమే రాసి తెస్తాం, దాని మీద ముద్ర వేసి రశీదు ఇవ్వండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
సాటి నిర్వాహకుల తరఫున